డెబిట్ కార్డుతో ఆన్‌లైన్‌ల కొనేటప్పుడు

బిడ్డలారా,

చదువుకు హన్మకొండ, కాజీపేట హాస్టళ్లల చేరినంక మీ చేతికి మొదలొచ్చేది డెబిట్ కార్డే. క్రెడిట్ కార్డు అడిగితే బ్యాంకోళ్లు జీతం చూపమంటరు. అది లేదని చిన్నబోవద్దు, డెబిట్‌తోని కూడా దాదాపు అన్నీ కొనొచ్చు. తేడా అంతా ముందుగాల ఎవరి పైసలు పోతయన్న కాడ ఉంది. క్రెడిట్ కార్డుల పోయేది బ్యాంకు పైస, బిల్లు కట్టే లోపల పంచాయితీ పెట్టుకోవచ్చు. డెబిట్‌ల పోయేది మీ ఖాతాల పైస, అప్పటికప్పుడే. పంచాయితీ మీరే గెలిచినా అది తెగేదాకా మెస్ బిల్లు ఆగదు కదా!

అందుకే స్కాలర్‌షిప్ పడే ఖాతా కార్డును ఆన్‌లైన్‌ల వాడొద్దు. ఇంకో ఖాతా తెరిచి, కొనే రోజు కొనేటంతే అందులకు మలుపుండ్రి. మీది జీరో బ్యాలెన్స్ బేసిక్ ఖాతా అయితే అదే బ్యాంకుల రెండో సేవింగ్స్ ఖాతా ఇయ్యరు, వేరే బ్యాంకుకు పోవాలె.

కొత్త కార్డు ఆన్‌లైన్‌ల పనిచేస్తలేదని బ్రాంచికి ఉరకకుండ్రి. 2020 అక్టోబర్ నుంచి కొత్త కార్డులకు ఆ సౌకర్యం ఆపే ఇస్తున్నరు. బ్యాంకు యాప్‌ల కార్డు సెట్టింగ్స్‌కు పోయి ఆన్ చేసి, రోజువారీ లిమిట్ తగ్గించుండ్రి. ఇంటర్నేషనల్‌ది మాత్రం ఆఫ్‌లనే ఉంచుండ్రి. విదేశీ సైట్లు కొన్ని ఓటీపీ అడగకుండనే పైసలు గుంజుకోగలవు. ఓటీపీ మెసేజ్‌ల అంకెలే కాదు, ఎంత మొత్తమో, ఎవరికి పోతున్నదో కూడా సదువుండ్రి.

పైసలు కట్ అయినయి, ఆర్డర్ పడలే. ఎక్కువగా జరిగేది ఇదే. వెంటనే మళ్ల కట్టొద్దు, ముందు ఆర్డర్ల పేజీ చూడుండ్రి. దుకాణానికి సమాచారం అందకపోతే 5 రోజులల్ల పైసలు వాపసు పడాలె, దాటితే రోజుకు ₹100 బ్యాంకు ఇయ్యాలె. ఇది రిజర్వ్ బ్యాంక్ 2019ల పెట్టిన లెక్క. సామాను వాపసిచ్చిన రిఫండ్ వేరు. అది దుకాణపోడు పంపితేనే వస్తది, మామూలుగ ఏ కార్డుతో కట్టిన్రో ఆ ఖాతాకే వస్తది. రిఫండ్ పడేదాకా ఆ ఖాతా మూయొద్దు.

మీకు తెల్వకుండ పైసలు పోతే గంటలు లెక్కబెట్టుకోవాలె. 2017 నిబంధన ప్రకారం, మీ తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకపోతే మెసేజ్ వచ్చినంక 3 పనిదినాలల్ల చెప్తే నష్టం మీకు సున్నా. 4 నుంచి 7 దినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు ₹10,000 దాకా, బేసిక్ ఖాతాకు ₹5,000 దాకా మీ మీద పడొచ్చు. ఓటీపీ మీరే చెప్పిన్రనుకో, బ్యాంకుకు తెలిపేదాకా పోయిందంతా మీదే. అందుకే ముందు యాప్‌ల కార్డు బ్లాక్ చేసి, బ్యాంకుకు, తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, రెండుచోట్లా ఫిర్యాదు నంబర్ రాసుకోండ్రి.

మీ పెద్దబాపు