మన బండలకూ ఒక బోర్డు కావాలి

బేతంచెర్ల బండో, తాడిపత్రి బండో, కడప బండో పరచని ఊరు రాయలసీమలో వెతికినా దొరకదు. పాలిష్ పట్టకముందు ఆ బండ అంచును ఒకసారి దగ్గరగా చూడండి. సన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. లోతు తక్కువగా ఉన్న సముద్రం అడుగున సున్నపు బురద పేరుకుని, గట్టిపడి ఏర్పడ్డ పొరలవి. క్వారీలో ఉలి పెట్టి కొడితే రాయి ముక్కలైపోకుండా పలకగా లేచి వస్తుందంటే కారణం ఆ పొరలే. కొన్ని బండల మీద మొక్క ఆకారంలో నల్లటి గీతలుంటాయి. శిలాజమేమో అనిపిస్తుంది కానీ కాదు, సందుల్లోకి దిగిన నీళ్లు వదిలిపోయిన మాంగనీసు అది. ఆ బురద పేరుకున్న కాలానికి నేల మీద మొక్కలే లేవు.

1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి రాళ్ల గురించి రాస్తూ కడప, కర్నూలు పేర్లనే వాటికి పెట్టాడు. శాస్త్రంలో ఇప్పటికీ ఆ పేర్లే నడుస్తున్నాయి. నెలవంక ఆకారంలో దాదాపు 44,500 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న ఈ ప్రాంతాన్ని కడప బేసిన్ (పొరలు పేరుకున్న పల్లం) అంటారు. దాని కింది పొరల్లో సున్నపురాయి లాంటి వేంపల్లె డోలమైట్ ఒకటి. వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు, ఇంకా ఎక్కువే కావచ్చు. ఆ రాతిలో కొన్నిచోట్ల సగానికి కోసిన ఉల్లిపాయ లాంటి వంపు పొరలు కనిపిస్తాయి. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. ఎండ తగిలే లోతు తక్కువ నీళ్లలో సూక్ష్మజీవులు చాపలా పరుచుకుని, మీద పడ్డ బురదను పట్టి ఉంచి, మళ్లీ దాని పైకి పెరుగుతూ కట్టినవి. అప్పటికి కంటికి కనిపించేంత జంతువు భూమి మీద ఎక్కడా లేదు. మన పొలాల గట్టున పడి ఉన్న రాయిలో అంత పాత జీవం గుర్తులున్నాయని పక్క ఊరి హైస్కూలు పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధనిపిస్తుంది.

తెలియకపోతే ఏమవుతుందో చూడాలంటే బనగానపల్లె దగ్గర జ్వాలాపురం వెళ్లాలి. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైంది. గత ఇరవై లక్షల ఏళ్లలో అంత పెద్ద పేలుడు మరొకటి లేదు. ఆ బూడిద బంగాళాఖాతం దాటి వచ్చి మన నేల మీద కురిసింది. తర్వాత వానలకు కొట్టుకొచ్చి జ్వాలాపురం ఉన్న జుర్రేరు లోయలో పోగుపడింది. కొన్నిచోట్ల మనిషి ఎత్తును మించిన మందం ఉంది. తెల్లగా, మెత్తగా ఉండే ఆ బూడిదను తవ్వి సామాన్లు తోమే పొడుల తయారీకి అమ్మేశారు. తవ్విన వాళ్లను తప్పుపట్టలేను. అది ఏమిటో వాళ్లకు ఎవరు చెప్పారు గనక?

ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాలియా బృందం అక్కడ తవ్వకాలు జరిపి, 2007లో ఫలితాలను ప్రకటించింది. బూడిద కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. రెండింటికీ పోలిక ఉంది. అంటే అంతటి ఉత్పాతం తర్వాత కూడా ఈ లోయలో మనుషులు బతికి బట్టకట్టారని వాళ్లు వాదించారు. ఆ మనుషులు మనలాంటి ఆధునిక మానవులేనా, వేరే మానవ జాతివాళ్లా అన్న చర్చ ఇంకా తెగలేదు. తేల్చాలంటే ఆ నేలే ఆధారం. బూడిద పొర చెక్కుచెదరకుండా ఉంటేనే కింద దొరికిందేదో, పైన దొరికిందేదో చెప్పగలం. ఒక్కసారి పొక్లెయిన్ దిగి కలిపేసిందంటే ఆ పనిముట్లు మామూలు రాళ్ల కిందే లెక్క.

ఇలాంటి చోట్లు బాగుపడవని కాదు. కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలనే చూడండి. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ వాటి గురించి రాశాడు. 1982, 83లో జర్మనీకి చెందిన గుహల అన్వేషకుడు గెబౌర్ బృందం లోపలికి దిగి కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అయినా ఆ తర్వాత కూడా కొన్నేళ్లు చుట్టుపక్కల వాళ్లు అందులో చెత్త పోశారు. చివరికి బెలూం ఊరివాళ్లే పూనుకున్నారు, ప్రభుత్వం కదిలింది, ఇప్పుడు జనం టికెట్ కొనుక్కుని చూస్తున్నారు. కాకపోతే లైట్ల రంగులు చూసి వస్తున్నారే తప్ప, గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసిన నీళ్లు సున్నపురాయిని కరిగించి ఆ గుహను తొలిచాయన్న సంగతి ఎంతమంది తెలుసుకుని వస్తున్నారు?

పాత కడప జిల్లా మంగంపేటలో ముగ్గురాయి (బెరైటీస్) గని ఉంది. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువుండే రాయి కాబట్టి చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలుపుతారు. ప్రపంచంలోని పెద్ద నిక్షేపాల్లో ఇదొకటి. అగ్నిపర్వతాల చర్యతో పొరలు పొరలుగా ఏర్పడిందని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. అక్కడ గని మూసేయమని నేను అనను, దాని మీద బతికే కుటుంబాలున్నాయి. పొరలు స్పష్టంగా కనిపించే ఒక గోడను తవ్వకుండా వదిలి, పక్కన తెలుగులో బోర్డు పెట్టమంటున్నాను. జ్వాలాపురంలో మిగిలిన బూడిదకూ అంతే.

నూరేళ్లు దాటిన కట్టడాలను కాపాడటానికి 1958 నాటి చట్టం ఉంది. రాళ్లకు ప్రత్యేకంగా అలాంటిది లేక, 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ ఒక ముసాయిదా బిల్లును జనం ముందు పెట్టింది. చట్టం దారి చట్టానిది. ఇలాంటి చోటును కాపాడుకుంటామని పంచాయతీ చేసే తీర్మానానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ఏటా అక్టోబరు 6ను యునెస్కో అంతర్జాతీయ భూవైవిధ్య దినంగా ప్రకటించింది. అది దసరా సెలవుల్లో పడితే సెలవులయ్యాకైనా సరే, వేంపల్లె, బనగానపల్లె సైన్స్ మాస్టార్లు ఒక పూట తరగతిని రాళ్ల దగ్గర పెట్టొచ్చు. సుత్తి మాత్రం తీసుకెళ్లకండి. చిన్న భూతద్దం, ఫోటోలకు ఒక ఫోన్, తాగడానికి నీళ్లు చాలు.