"వీళ్లది ఏ గోత్రం బ్రదర్?": ఇజ్రాయెల్ జనం గురించి అపోహలు, వాస్తవాలు

కృష్ణా, గోదావరి జిల్లాల సంఘాలను యెరూషలేము యాత్రకు తీసుకెళ్లడం నా పని. హోటల్లో అన్నం దొరుకుతుందా, మృత సముద్రంలో దిగొచ్చా లాంటి ప్రశ్నలకు జవాబులు నోటికొచ్చు. బస్సెక్కాక మొదలయ్యేవి వేరే ప్రశ్నలు. "వీళ్లది ఏ గోత్రం బ్రదర్?" "ఆ నల్లగా ఉన్నాయన కూడా యూదుడేనా?" "అరబ్బు అంటున్నారు, మరి మెడలో సిలువ ఉందేంటి?" బైబిల్లో చదివిన మనుషుల్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు అక్కడ మొరాకో, రష్యా, ఇథియోపియా, యెమెన్ అన్నీ ఒకే బస్టాపులో కనిపిస్తాయి. తికమక పడటంలో తప్పులేదు. వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లతోనే అసలు చిక్కు.

అపోహ: ఇజ్రాయెల్ పౌరులంటే యూదులే.

దేశ జనాభా దాదాపు కోటి. అందులో యూదులు ఇంచుమించు నాలుగింట మూడొంతులు. ప్రతి ఐదుగురిలో ఒకరు అరబ్బు. వీళ్లు ఈమధ్య వలస వచ్చినవాళ్లు కారు. 1948 యుద్ధంలో ఏడు లక్షల మంది దాకా పాలస్తీనీయులు ఇళ్లూ ఊళ్లూ పోగొట్టుకున్నారు. పోకుండా మిగిలినవాళ్ల సంతతే ఇప్పటి అరబ్బు పౌరులు. వీళ్లకు ఓటుంది, పార్లమెంటు అయిన క్నెసెట్‌లో సభ్యులున్నారు. చాలామంది తమను పాలస్తీనీయులమనే చెప్పుకుంటారు. తూర్పు యెరూషలేములోని అరబ్బుల సంగతి మళ్లీ వేరు. వాళ్లలో ఎక్కువమందికి ఉన్నది శాశ్వత నివాస కార్డే. మున్సిపల్ ఎన్నికల్లో ఓటు వేయొచ్చు, క్నెసెట్‌కు వేయలేరు.

బేత్లెహేము వెళ్లే రోజు మావాళ్లకు ఇది కళ్లకు కడుతుంది. పొద్దున్నుంచి మాతో ఉన్న యూదు గైడు చెక్‌పోస్టు ముందే దిగిపోతాడు. అవతల పాలస్తీనా అథారిటీ ప్రాంతం, ఇజ్రాయెల్ పౌరులు లోపలికి పోకూడదని ఎర్ర బోర్డు ఉంటుంది. అటువైపు ఇంకో గైడు ఎక్కుతాడు. అరబ్బు, కానీ తాతల కాలం నుంచీ క్రైస్తవుడు. "వందనాలు" అనడం నేర్చుకుని ఉంటాడు, బస్సంతా చప్పట్లు.

అపోహ: అరబ్బు అంటే ముస్లిమే.

పై మాటతోనే ఇది తేలిపోయింది. ఇజ్రాయెల్‌లోని క్రైస్తవుల్లో అత్యధికులు అరబ్బులే, ప్రార్థన చేసేదీ అరబ్బీలోనే. అలాగని నజరేతంతా క్రైస్తవులే అనుకోకండి, అక్కడ ఇప్పుడు ముస్లింలే ఎక్కువ.

కర్మెలు కొండ మీద ఏలీయా స్థలం చూశాక భోజనానికి ఆగేది దాలియత్ అల్ కర్మెల్‌లో. అది డ్రూజుల ఊరు. మాట్లాడేది అరబ్బీ. మతం పదకొండో శతాబ్దంలో ఈజిప్టులో పుట్టిన వేరే మతం, అందులోకి కొత్తగా ఎవరినీ చేర్చుకోరు. పెద్దవాళ్లు నల్ల బట్టల్లో, తలమీద తెల్ల టోపీతో కనిపిస్తారు. బోర్లించిన మూకుడు లాంటి పెనం మీద పలచటి రొట్టె కాల్చి, గడ్డ పెరుగు రాసి మడిచి ఇస్తారు. మన రుమాలీ రోటీని గుర్తుచేసే ఈ రొట్టె కోసం మావాళ్లు లైన్ కడతారు. డ్రూజు మగవాళ్లకు 1956 నుంచి సైన్యంలో పనిచేయడం తప్పనిసరి. 2018లో ఇజ్రాయెల్‌ను యూదు జాతి దేశంగా ప్రకటిస్తూ చట్టం చేసినప్పుడు, సైన్యంలో ప్రాణాలిచ్చిన మా సంగతేంటని టెల్ అవీవ్ వీధుల్లోకి వచ్చినవాళ్లూ వీళ్లే.

చిన్న సముదాయాలు ఇంకా ఉన్నాయి. కాకసస్ కొండల నుంచి ఒట్టోమన్ల కాలంలో వచ్చిన సర్కాసియన్లు గలిలయలో రెండు ఊళ్లలో ఉంటారు. ముస్లింలే కానీ అరబ్బులు కారు. ఇక సమరయులు. మంచి సమరయుడి కథ వినని సంఘం ఉండదు, వాళ్లు ఇప్పటికీ ఉన్నారంటే మాత్రం ఎవరూ నమ్మరు. ఉన్నది వెయ్యి మంది లోపే. కొందరు టెల్ అవీవ్ పక్కన హోలోన్‌లో, మిగతావాళ్లు నాబ్లస్ దగ్గర గెరిజీము కొండ మీద. పస్కా పండగకు ఇప్పటికీ గొర్రెపిల్లల్ని బలి ఇస్తారు.

అపోహ: యూదులంటే యూరప్ నుంచి వచ్చిన తెల్లవాళ్లు.

నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే. జర్మనీ, పోలండ్, రష్యా వైపు నుంచి వచ్చినవాళ్లను అష్కనాజీలంటారు. 1492లో స్పెయిన్ వెళ్లగొట్టినవాళ్ల సంతతి సెఫార్దీలు. ఇరాక్, యెమెన్, ఇరాన్ లాంటి దేశాల నుంచి వచ్చినవాళ్లు మిజ్రాహీలు, ఉత్తర ఆఫ్రికావాళ్లనూ ఇప్పుడు వీళ్లలోనే కలిపి చెబుతుంటారు. ఈ చివరి రెండు వర్గాలూ కలిస్తే దేశంలోని యూదుల్లో సగానికి దగ్గరగా ఉంటారు. 1949, 50లలో యెమెన్ నుంచి దాదాపు 49,000 మందిని విమానాల్లో తెచ్చారు. ఆ వెంటనే ఇరాక్ నుంచి లక్షా ఇరవై వేల మంది దాకా వచ్చారు. రెండువేల ఏళ్లకు పైగా బాగ్దాదు వైపు బతికిన సమాజం ఒకటి రెండేళ్లలో ఖాళీ అయిపోయింది.

వచ్చినవాళ్లకు పూలదండలేమీ వేయలేదు. గుడారాలు, రేకుల షెడ్ల క్యాంపుల్లో ఏళ్ల తరబడి ఉంచారు. మంచి ఉద్యోగాలు, మంచి ఇళ్లు అష్కనాజీలకే పోతున్నాయన్న కడుపుమంట 1959లో హైఫాలోని వాదీ సలీబ్ పేటలో అల్లర్లయి బయటపడింది. 1971లో యెరూషలేములోని ముస్రారా పేట మిజ్రాహీ కుర్రాళ్లు, అమెరికా నల్లవాళ్ల ఉద్యమం పేరే తీసుకుని, బ్లాక్ పాంథర్స్ అని పేరు పెట్టుకుని రోడ్డెక్కారు. ఆ గాయం రాజకీయాల్లో ఇప్పటికీ పచ్చిగానే ఉంది.

కథ మొత్తం తిండిలో కనబడుతుంది. యెరూషలేములోని మహనే యెహూదా మార్కెట్లో సబీహ్ కొనండి. పీటా రొట్టెలో వేయించిన వంకాయ, ఉడికించిన గుడ్డు, పైన పచ్చగా కారే మామిడి పచ్చడి. ఆ పచ్చడి పేరు అంబా. మరాఠీలో మామిడిని పిలిచే పేరే. బొంబాయిలో వ్యాపారం చేసిన బాగ్దాదీ యూదుల చేతుల మీదుగా ఇరాక్ చేరి, అక్కడి నుంచి ఇజ్రాయెల్ వచ్చిందని చెబుతారు. మావాళ్లు ఒక ముద్ద తిని, "మెంతులు ఉన్నాయి గానీ కారం చాల్లేదు" అని తీర్పు ఇచ్చేస్తారు.

ఇథియోపియా యూదుల్ని చూసి మాత్రం అందరూ ఆగిపోతారు. 1991 మేలో 36 గంటల్లో పద్నాలుగు వేల మందికి పైగా ఆడిస్ అబాబా నుంచి తరలించారు. సీట్లు పీకేసిన ఒక్క బోయింగ్ 747లోనే వెయ్యి మందికి పైగా ఎక్కారు. తీరా వచ్చాక వాళ్ల యూదుతనాన్నే శంకించారు. వాళ్లు ఇచ్చిన రక్తాన్ని బ్లడ్ బ్యాంకులు చెప్పకుండా పారబోశాయని 1996లో బయటపడి పెద్ద గొడవైంది. సిగ్ద్ పండగ రోజున యెరూషలేములో ఉంటే తప్పక చూడండి. రంగురంగుల గొడుగుల కింద వాళ్ల మతపెద్దలు నిలబడి ప్రార్థిస్తారు. 2008 నుంచి దాన్ని చట్టం జాతీయ పండుగగా గుర్తించింది.

మనదేశపు యూదులూ ఉన్నారు. కొంకణ తీరంలో నూనె గానుగలు ఆడిస్తూ శనివారం పని మానేసే బెనె ఇజ్రాయెల్‌లను అక్కడివాళ్లు 'శనివార్ తేలీ' అనేవారు. ఇప్పుడు వాళ్లు దిమోనా, అష్‌దోద్, లోద్ ఊళ్లలో ఎక్కువ. వీళ్లతో పెళ్లి సంబంధాలకు అక్కడి మతపెద్దలు అడ్డుపుల్ల వేస్తే 1964లో ధర్నా చేసి మరీ ఆ ఆంక్ష ఎత్తేయించుకున్నారు. నెవాతీమ్ అనే పల్లెకు వెళ్తే కొచ్చి యూదుల ప్రార్థనా మందిరం చూడొచ్చు, మలయాళం కూడా వినబడొచ్చు.

అపోహ: ఎవరిది ఏ గోత్రమో వాళ్లకు తెలుసు.

తెలియదు. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు (అస్సీరియా) వాళ్లు ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని కూలగొట్టాక, బైబిల్లోని పన్నెండు గోత్రాల్లో పదింటి జాడ చెదిరిపోయింది. ఇప్పటి యూదుల్లో యాజకుల వంశమనీ లేవీయులమనీ చెప్పుకునే కుటుంబాలు ఉన్నాయి, మిగతావాళ్లకు గోత్రం పట్టింపు లేదు. గైడును గోత్రం అడిగితే నవ్వి ఊరుకుంటాడు. "మీ అమ్మమ్మ ఏ ఊరినుంచి వచ్చింది?" అని అడగమని నేను చెబుతాను. అప్పుడు ఆపినా ఆగడు.

తప్పిపోయిన గోత్రం మాదేనని చెప్పుకునేవాళ్లు మాత్రం చాలాచోట్ల ఉన్నారు. మణిపూర్, మిజోరంలోని బ్నే మెనాషేలను 2005లో ప్రధాన రబ్బీ (యూదు మతగురువు) ఒకరు ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. అయినా వాళ్లు శాస్త్రోక్తంగా మతం మారాల్సిందే. వేలమంది అలా వెళ్లి స్థిరపడ్డారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఎఫ్రాయిము గోత్రీకులమని చెప్పుకుంటూ, తెలుగు మాట్లాడుతూ, సబ్బాతు పాటించే కుటుంబాలున్నాయి. వీళ్లకు ఆ గుర్తింపు రాలేదు.

అపోహ: వాళ్లది కల్తీ లేని రక్తం. (దీనికి కవల: వాళ్లు అసలు యూదులే కారు, ఖజార్లు, అంటే ఒకప్పుడు యూదు మతంలోకి మారారని చెప్పే తుర్కు జాతి సంతతి.)

రెండు ఫార్వర్డులూ ఒకే గ్రూపులో వచ్చిన రోజులున్నాయి. 2010 నుంచి వచ్చిన పెద్ద జన్యు పరిశోధనలు రెండింటినీ కొట్టేశాయి. చాలా యూదు సమాజాల్లో పశ్చిమాసియా మూలం కనిపిస్తుంది, దానితోపాటు బతికిన దేశపు రక్తమూ కలిసి ఉంటుంది. అష్కనాజీల్లో యూరప్ వాటా బాగా ఎక్కువ, బెనె ఇజ్రాయెల్‌లలో భారతీయ వాటా స్పష్టం, ఇథియోపియావాళ్లు అక్కడి ఇరుగుపొరుగుకే దగ్గర. పాలస్తీనీయుల్లోనూ ఆ నేల మీది పాత జనాల వారసత్వం గట్టిగానే ఉంది. ఖజార్ కథకు ఆధారం దొరకలేదు.

అపోహ: అందరూ మహా భక్తులు.

యూదుల్లో నూటికి నలభై మందికి పైగా తాము మతం పాటించమనే చెబుతారు. మతాన్ని కఠినంగా పాటించే నల్లకోటు, పెద్ద టోపీ హరేదీలు దేశ జనాభాలో ఏడో వంతు దాకా ఉంటారంతే.

అపోహ: అక్కడ కొన్నేళ్లు పనిచేస్తే మనమూ ఇజ్రాయెలీలమే.

ఇది యాత్రికులది కాదు, ఏజెంట్లు అమ్మే అపోహ. 1950 నాటి చట్టం కింద యూదులు వచ్చి పౌరసత్వం తీసుకోవచ్చు. 1970 సవరణతో యూదుల మనవలకూ, వాళ్ల జీవిత భాగస్వాములకూ ఆ హక్కు వచ్చింది. సోవియట్ కూలాక వచ్చిన పది లక్షల మంది దాకాలో చాలామంది ఈ దారినే వచ్చారు, మత చట్టం ప్రకారం యూదులు కాకపోయినా. నిజామాబాద్, జగిత్యాల, గోదావరి జిల్లాల నుంచి ముసలివాళ్లను చూసుకునే పనికి వెళ్లినవాళ్లకు ఇవేవీ వర్తించవు. హీబ్రూ గడగడా మాట్లాడినా, పిల్లలు అక్కడే పుట్టినా పౌరసత్వం రాదు. కేర్‌గివర్ వీసా మామూలుగా ఐదేళ్ల మూడు నెలలు, ఆ పైన పొడిగింపు చూసుకుంటున్న మనిషిని బట్టి. "ముందు వెళ్లండి, తర్వాత పౌరసత్వం చూసుకుందాం" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.