ముందు కాటా, తరువాతే కమాన్లు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల వేబ్రిడ్జి కాటాలకు కొదవ లేదు. సీజనులో అక్కడ లారీలు బారులు తీరి ఉంటాయి. అలాంటి ఒక వరుసలో మా పికప్‌ను నిలబెట్టినప్పుడు కాటా గుమాస్తా కిటికీలోంచి తొంగిచూసి, "ఎన్ని టిక్కీలండీ?" అని, అంటే ఎన్ని మిర్చి బస్తాలని, అడిగాడు. టిక్కీలు కావని, రెండు టెంట్లు, గ్యాస్ సిలిండరు, నీళ్ల క్యాన్లు, మడత మంచాలు, వంట సామాను అని చెప్పేసరికి ఆయన కాసేపు మాట్లాడలేదు. డబ్బులిచ్చి మరీ మంచాలను తూయించుకునే మనిషిని ఆయన చూడటం బహుశా అదే మొదటిసారి. నన్ను అక్కడికి పంపినవాడు విజయవాడ ఆటోనగర్‌లో కమాన్లు, అంటే బండి బరువును మోసే స్ప్రింగు పట్టీల కట్టలు, బాగుచేసే ఒక మేస్త్రి. మాచర్ల దాటి రాళ్ల దారుల్లో తిరిగి, తెలిసినవారి పొలంలో రెండు రాత్రులు గడపాలన్నది మా ఆలోచన. అందుకని వెనక కమాన్లకు చెరో పట్టీ అదనంగా వేయమని అడిగితే, "వేస్తాను సార్, అదేం పెద్ద పని కాదు. ముందు మీరు మోసే బరువెంతో కాటా వేయించుకుని రండి" అన్నాడు.

ఆ మాట వెనక ఉన్న భౌతికశాస్త్రం చాలా పాతది. స్ప్రింగు ఎంత సాగుతుందనేది దాని మీద పడే బలానికి అనులోమంగా ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. లారీ కమాను అయినా, బాల్‌పెన్నులోని తీగచుట్ట అయినా, తన హద్దు దాటనంతవరకు ఈ సూత్రానికి కట్టుబడే ఉంటుంది. ఒక పికప్‌లో వెనక కమాన్లు రెండూ కలిసి సెంటీమీటరు కుంగడానికి 100 కిలోల బరువు కావాలనుకుందాం. ఖాళీ బండిలో వాటి మీద ఆనే బరువు 700 కిలోలైతే అవి 7 సెంటీమీటర్లు కుంగి ఉంటాయి. మరో 300 కిలోల బరువు పడితే ఆ కుంగుడు 10 సెంటీమీటర్లకు చేరుతుంది. బండి తన కమాన్ల మీద సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో తెలుసుకోవడానికి బరువూ గట్టితనమూ విడివిడిగా తెలియనక్కర లేదు, ఈ కుంగుడు ఒక్కటి తెలిస్తే చాలు. దాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 5ను ఆ వర్గమూలంతో భాగిస్తే లెక్క దాదాపుగా వచ్చేస్తుంది. మన ఉదాహరణలో ఖాళీ బండికి అది 1.9, సామానుతో 1.6. మనిషి నడుస్తున్నప్పుడు శరీరం పైకీ కిందికీ కదిలే లయ కూడా సెకనుకు రెండుసార్లకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి ఈ ఊపు మనకు అలవాటైనదే. సెకనుకు 4 నుంచి 8 సార్ల మధ్య నిలువుగా వచ్చే కుదుపులను మాత్రం కూర్చున్న మనిషి ఎక్కువసేపు ఓర్చుకోలేడు.

ఇప్పుడు నేను కోరినట్టు పట్టీలు వేసి, సెంటీమీటరుకు 150 కిలోలు కావలసినంత గట్టిగా కమాన్లను మార్చామనుకుందాం. సామానుతో కుంగుడు 6.7 సెంటీమీటర్లు, ఊపు 1.9. అంటే గట్టి కమాన్లతో నిండుగా ఉన్న బండి, పాత కమాన్లతో ఖాళీగా ఉన్న బండిలాగా నడుస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. అదే బండి ఖాళీ అయితే కుంగుడు 4.7 సెంటీమీటర్లకు తగ్గి, ఊపు 2.3కు పెరుగుతుంది. ఏడాదిలో మనం 300 కిలోలు మోసేది నాలుగైదు రోజులు. మిగిలిన రోజులన్నీ బెంజి సర్కిల్ దగ్గరి ట్రాఫిక్‌లోనూ, కాలనీల్లోని స్పీడు బ్రేకర్ల మీదనూ ఎగిరెగిరి పడుతూ తిరగవలసి వస్తుంది. అసౌకర్యం ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. గట్టి కమాను మీద తేలికగా ఉన్న వెనక చక్రం గతుకు ఎక్కి దిగేటప్పుడు నేలను వదిలేస్తుంది, నేలను వదిలిన చక్రానికి బ్రేకూ ఉండదు, పట్టూ ఉండదు.

పట్టీ మందం విషయంలో కూడా చాలామంది పొరబడతారు. పట్టీ గట్టితనం దాని మందం ఘనానికి (మూడో ఘాతానికి) అనులోమంగా పెరుగుతుంది. పది శాతం మందం ఎక్కువైతే గట్టితనం సుమారు 33 శాతం పెరుగుతుందన్న మాట. చూపులకు తేడా తెలియని పట్టీ కమాను స్వభావాన్నే మార్చేస్తుంది. ఇందుకు విరుద్ధంగా, కూర్చుండిపోయిన పాత పట్టీలను సుత్తితో కొట్టించి వంపు తెప్పిస్తే బండి పైకి లేస్తుంది, గట్టితనం మాత్రం ఇంచుమించు ఎప్పటిలాగే ఉంటుంది, ఎందుకంటే ఆ పనిలో మందం గానీ పొడవు గానీ మారవు. ఎత్తు వేరు, గట్టితనం వేరు. ఎత్తు కోసమే వెంపర్లాడేవారికి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కొన్ని పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దూరాన్ని చూసి వెనక బ్రేకుకు వెళ్లే ఒత్తిడిని సర్దే వాల్వు ఒకటి ఉంటుంది. కమాన్లు లేపి, ఈ వాల్వును మళ్లీ సరిచేయించకపోతే, బండి నిండుగా ఉన్నా అది ఖాళీ అనుకుని వెనక బ్రేకును తగ్గించేస్తుంది. తయారీదారు ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కట్టడి చేస్తుందన్న సంగతి కూడా మరువరాదు.

ఇక కాటా దగ్గరికి వద్దాం. మొదట ముందు చక్రాలను మాత్రమే ప్లాట్‌ఫాం మీద నిలిపి ఒక తూకం, తరువాత బండి మొత్తాన్ని ఎక్కించి మరో తూకం వేయించాలి, రెండో దానిలోంచి మొదటిది తీసివేస్తే వెనక ఇరుసు బరువు తెలుస్తుంది. ఇదే పని ఖాళీ బండితో ఒకసారి, సామానుతో ఒకసారి చేయాలి. మా లెక్క విచిత్రంగా వచ్చింది. ఎక్కించిన సామాను 290 కిలోలు, వెనక ఇరుసు మీద పెరిగిన బరువేమో 310 కిలోలు. గుమాస్తా చీటీ తప్పు రాశాడేమోనని మొదట అనుమానించాను. ముందు ఇరుసు తూకం చూస్తే అది 20 కిలోలు తగ్గి ఉంది.

జట్కా బండి ఎక్కిన పెద్దవారికి ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర లేదు. వెనక్కి కూర్చున్న ప్రయాణికుల బరువుకు ముందు కాడి పైకి లేచి, గుర్రం పొట్ట కింద పట్టీ బిగుసుకునేది. బండివాడు "ముందుకు జరగండి బాబూ, ముందుకు జరగండి" అంటూ సర్దుబాటు చేసేవాడు. వెనక ఇరుసు దాటి వేలాడే బరువు, పిల్లలు ఆడుకునే తూగుడు బల్లలాగా, ముందు ఇరుసును పైకెత్తుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లున్న బండిలో, వెనక ఇరుసుకు మీటరు వెనకగా 100 కిలోలు పెడితే వెనక ఇరుసు మీద 133 కిలోలు పెరుగుతాయి, ముందు ఇరుసు మీద 33 కిలోలు తగ్గుతాయి. జట్కాలో గుర్రానికి పట్టిన అవస్థే ఇక్కడ స్టీరింగుకు పడుతుంది. హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడతాయి. మేము నీళ్ల క్యాన్లను దించుకోవడం సులువని వెనక డోరు పక్కన పెట్టాం. బరువైన ప్రతి వస్తువునూ క్యాబిన్ గోడకు ఆనించి, అడుగున, ఇరుసుకు ముందుగా పెట్టి, పక్కలకు జరగకుండా బెల్టులతో బిగించాలన్నది ఆ రోజు తెలిసివచ్చింది. వెనక చివర దుప్పట్లూ, టెంట్లూ చాలు.

పైకప్పు క్యారియరు సంగతి కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే దాని గురించి భయాలూ ఎక్కువే, ధీమా కూడా ఎక్కువే. గరిమనాభి (బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు) నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న 2,000 కిలోల బండి మీద, 190 సెంటీమీటర్ల ఎత్తున 100 కిలోలు కడితే గరిమనాభి అయిదున్నర సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. కదలకుండా నిలిపిన బండి పక్కకు పడిపోయే కోణం దీనివల్ల రెండు డిగ్రీల వరకే తగ్గుతుంది. కాగితం మీద ఇది చిన్న తేడా. అయితే పైనున్న బరువు మలుపులో కమాన్లను ఒక పక్కకు మరింత అణగదొక్కుతుంది, ఒకసారి పక్కకు ఊగడం మొదలైతే త్వరగా ఆగనివ్వదు. కొండవీడు ఘాట్ రోడ్డు లాంటి మలుపుల్లో ఈ ఊగుడు డ్రైవరుకు ముందుగా తెలుస్తుంది. డొంక దారుల్లో తుమ్మకొమ్మలు చేసే పని దీనికి అదనం.

బరువు తగ్గించడంలో మొదటి అడ్డంకి నీళ్లు. లీటరంటే కిలో, దానికి ఏ ఉపాయమూ లేదు. 20 లీటర్ల క్యాన్లు నాలుగంటే 80 కిలోలు, డబ్బాల బరువు కాక. ఎండలు మండే రోజుల్లో తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు 5 లీటర్లు లెక్కవేసుకున్నా, నలుగురికి రెండు రోజులకు 40 లీటర్లు సరిపోతాయి. మిగిలిన రెండు క్యాన్లూ స్నానాలకూ గిన్నెలు కడగడానికీ అని మేము ఎక్కించుకున్నవి. ఆ పొలంలో బోరు ఉందని మాకు ముందే తెలుసు, అయినా ఎక్కించాం. విస్తరాకులు తీసుకెళితే గిన్నెల నీళ్లు చాలావరకు మిగులుతాయి. బియ్యం, పప్పు లాంటి ఎండు సరుకు తేలికని అందరూ అంటారు. అది సగమే నిజం. వండటానికి కావలసిన నీళ్లు కూడా మనమే మోస్తున్నప్పుడు, అన్నం బరువు వండి తెచ్చినా వండకుండా తెచ్చినా ఇంచుమించు ఒకటే. నీళ్లు అక్కడ దొరికితేనే ఎండు సరుకు లాభం. మొదటి రాత్రికి ఇంటి నుంచి పులిహోర, మరునాటికి అటుకులు, కందిపొడి, ఆవకాయ అని సర్దుకుంటే పొయ్యి వెలిగించే పని కూడా తగ్గుతుంది. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరు గ్యాసూ ఇనుమూ కలిపి 30 కిలోలకు దగ్గరగా ఉంటుంది. రెండు రోజుల టీ కోసం అంత ఇనుమును మాచర్ల దాకా మోసుకెళ్లడం హాస్యాస్పదం. మడత మంచాలు, ఇన్వర్టర్ బ్యాటరీ, పెద్ద గుండిగ కూడా దింపేసిన తరువాత మా సామాను 170 కిలోలకు వచ్చింది. ఆ చీటీ చూసి మేస్త్రి అదనపు పట్టీల మాట పక్కన పెట్టి, అరిగిన బుష్‌లు, నూనె కారుతున్న షాక్ అబ్జార్బర్లు మాత్రం మార్చాడు.

కమాన్లు ఎంత చక్కగా కుదిరినా దాటలేని నేల పల్నాడు దారిలోనే ఉంది. నల్లరేగడిలో ఎక్కువగా ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం తన పొరల మధ్యకు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. ఎండాకాలంలో నెర్రెలు విచ్చిన ఆ నేలే, ఒక్క వానకు టైరు గాళ్లన్నీ పూడ్చేసి దాన్ని నున్నటి రోలరుగా మారుస్తుంది. అప్పుడు చేయగలిగింది మట్టి ఆరేదాకా ఆగడమే. గట్టి రాళ్ల దారిలో టైర్ల గాలిని కొంత తగ్గిస్తే టైరే మెత్తటి స్ప్రింగులా పనిచేసి చిన్న రాళ్ల దెబ్బలు తింటుంది. అయితే వేగం కూడా తగ్గించాలి, తారు రోడ్డు ఎక్కకముందే మళ్లీ గాలి నింపాలి, కాబట్టి చిన్న పంపు తప్పనిసరి. ఇసుకలోనూ ఇదే కిటుకు పనిచేస్తుంది గాని, సూర్యలంక వంటి తీరాల్లో బండి దింపాలన్న సరదాను మానుకోవడం మంచిది. ఆంధ్ర తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

మట్టి దారుల మీద అడ్డంగా ఏర్పడే రేకుల్లాంటి అలలే షాక్ అబ్జార్బర్లకు అసలు పరీక్ష. ఈ అలలు బండ్ల కమాన్ల వల్లే పుడతాయని చాలాకాలం భావించేవారు. 2007లో కెనడా, ఫ్రాన్స్, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించిన ప్రయోగాల్లో, కమాను లేని గట్టి చక్రాన్ని ఇసుక మీద గుండ్రంగా తిప్పినా అవే అలలు వచ్చాయి. ఒక వేగానికి లోబడి తిప్పితే అలలు పుట్టనే లేదు. అలల మధ్య దూరం 60 సెంటీమీటర్లున్న దారిలో గంటకు 24 కిలోమీటర్ల వేగంతో వెళితే చక్రానికి సెకనుకు 11 దెబ్బలు తగులుతాయి. ఇరుసూ చక్రమూ తమంతట తాము ఎగిరిపడే లయ కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి ఎగురుడు పెరిగిపోతుంది. ఆ ఎగురుడునంతా షాక్ అబ్జార్బర్ సన్నని రంధ్రాల గుండా నూనెను నెట్టి వేడిగా మార్చుకోవాలి. వేడెక్కి పలచబడిన నూనె మునుపటిలా అడ్డుపడలేదు.

అందుకే ఇలాంటి దారిలో అరగంటకోసారి బండి ఆపి, షాక్ అబ్జార్బర్ గొట్టం దగ్గరకు వేళ్లు చేర్చి సెగ ఎంత ఉందో చూసేవాళ్లం. సెగ మరీ ఎక్కువగా ఉంటే టీ తాగేవాళ్లం. తిరిగొచ్చాక మేస్త్రి చెప్పినట్టు, కమాన్లను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులను బిగించి చూస్తే, ఎడమ వైపువి పావు చుట్టు వరకు వదులయ్యాయి.