రెండు కుట్లు ఎలా కలిపినా ఒకటేనా? అల్లికలో అపోహలు - వాస్తవాలు

డిసెంబరు దగ్గరపడితే చాలు, పిల్లల్ని లంబసింగికో అరకుకో తీసుకెళ్లాలనుకునే తల్లులు సగం అల్లిన స్వెట్టర్లు పట్టుకుని ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వస్తారు. అందరిదీ ఒకటే ఫిర్యాదు: ఒక చంక దగ్గర అంచు నున్నగా వచ్చింది, రెండో వైపు ఎగుడుదిగుడుగా ఉంది.

అపోహ: చంక దగ్గర కుట్లు తగ్గించడానికి రెండు కుట్లు ఎలా కలిపి ఒకటి చేసినా ఒకటే, లెక్క తగ్గితే చాలు.

వాస్తవం: లెక్క ఒకటే, వాలు వేరు. రెండు కుట్లూ కలిపి మామూలుగా నిట్ (సూదిని ముందు నుంచి వెనక్కి దూర్చి అల్లే మామూలు కుట్టు) వేస్తే ఎడమ కుట్టు పైకొచ్చి కుడికి వాలుతుంది. అదే, ఒక్కో కుట్టులో నిట్‌కి దూర్చినట్టే సూది దూర్చి, రెంటినీ కుడి సూది మీదికి జార్చి, ఎడమ సూదిని వాటి ముందు నుంచి దూర్చి కలిపి అల్లితే ఎడమకు వాలుతుంది. మంచి వైపు (బయటికి కనిపించే వైపు) అల్లేటప్పుడు వరుస మొదట్లో ఎడమ వాలు, చివర్లో కుడి వాలు వేయండి. అంచున రెండేసి కుట్లు కలపకుండా మామూలుగా అల్లండి. వాలు అంచుతో కలిసిపోతుంది.

ఇది చెప్పకుండా "ఊలు నాసిరకం" అని ప్రచారం చేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. వాళ్ల మాట నమ్మి ఒకమ్మాయి కొత్త ఊలు కొని, మొత్తం విప్పేసి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే వంకర! "నా చేతికి అల్లిక రాదేమో ఆంటీ" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. చూస్తే రెండు వైపులా కుడి వాలే వేసింది. చేతిలో ఏ లోపమూ లేదు, కుట్లన్నీ ముత్యాల్లా ఉన్నాయి. చంక మొదలయ్యే వరుస దాకా మాత్రమే విప్పించాను, కింది భాగం జోలికే పోలేదు. మీరూ తగ్గింపు మొదలుపెట్టే ముందు ఆ వరుస కుట్లన్నిటిలోంచి వేరే రంగు దారం ఒకటి దూర్చి ఉంచండి. విప్పాల్సి వచ్చినా అక్కడే ఆగుతుంది, టెన్షన్ ఉండదు.

మిగతావి చిన్నవే. తగ్గిస్తే చిల్లు పడదు. చిల్లు కనిపిస్తే దారం పొరపాటున సూది మీదుగా చుట్టుకుందన్నమాట. ఎడమ వాలు కాస్త వదులుగా కనిపించడం మామూలే, దానికి సూదులు మార్చక్కర్లేదు. టోపీ పైభాగం "అందాజుగా" తగ్గించమంటారు, వినకండి. 80 కుట్లుంటే 8 అల్లి 2 కలపడం వరుసంతా చేస్తే 72. తర్వాత 7 అల్లి 2 కలిపితే 64. ఇలా 9 తగ్గింపు వరుసల్లో 8 కుట్లు మిగులుతాయి. దారం కత్తిరించి, ఆ 8 కుట్లలోంచి దూర్చి గట్టిగా లాగి, లోపలి వైపు ముడి వేయండి.