లైను ముందా, ప్లాంటు ముందా? అంతర్రాష్ట్ర కరెంటు లైన్ల నిబంధనల వెనుక కథ

సోలార్ ప్లాంటు ఏడాది, ఏడాదిన్నరలో సిద్ధమవుతుంది. దాని కరెంటు మోయాల్సిన 765 కేవీ (అత్యధిక వోల్టేజీ) లైనుకు అడవి అనుమతులు, టవర్ల కింద భూమి పరిహారం తేలేసరికి రెండు మూడేళ్లు దాటిపోతుంది. అందుకే లైను ఎవరు ముందుగా తలపెట్టాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్న చిక్కు ఇన్నేళ్లయినా తెగలేదు.

1989లో అంతర్రాష్ట్ర లైన్లు వేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పవర్‌గ్రిడ్ పుట్టాక చాలాకాలం లెక్క సులువుగా ఉండేది. కేంద్ర ప్లాంట్లలో ఎంత వాటా ఉంటే ఆ దామాషాలో రాష్ట్రాలు తమ గ్రిడ్ ప్రాంతపు (దక్షిణ, పశ్చిమ వంటివి) లైన్ల చార్జీ పంచుకునేవి. కానీ ఒడిశా కరెంటు పశ్చిమ ప్రాంతం మీదుగా పంజాబ్‌కు వెళ్లాలంటే దారిలో ప్రతి ప్రాంతానికీ విడివిడిగా కట్టాల్సి వచ్చేది. 2011 జూలైలో ఈ పద్ధతి పోయింది. గ్రిడ్‌లో ఎక్కడ కరెంటు ఎక్కించారు, ఎక్కడ దించుకున్నారు అన్నదాన్ని బట్టి చార్జీ వేయడం మొదలైంది.

2003 విద్యుత్ చట్టం లైన్లను అందరికీ తెరిచింది. ఆ హక్కును అమలులో పెట్టిన 2009 సీఈఆర్‌సీ (కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్) నిబంధనల్లోనే అసలు లోపం ఉందని మా అభిప్రాయం. కొనే డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) కుదరకపోయినా, ఫలానా ప్రాంతానికి అమ్ముతానని రాసిస్తే జనరేటర్‌కు లైను ప్లాన్ చేసేవారు. పూచీగా మెగావాట్‌కు 5 లక్షల బ్యాంకు గ్యారంటీ చాలు. అంటే వెయ్యి మెగావాట్ల ప్లాంటుకు 50 కోట్లు. దాని కోసం వేసే లైన్లు, సబ్‌స్టేషన్లకు వందల కోట్లు. బొగ్గు దొరక్కో అప్పు పుట్టకో ప్లాంటు ఆగిపోతే లైను మాత్రం మిగిలేది. దాని భారం దాన్ని అడగని రాష్ట్రాల మీద పడేది.

దక్షిణాది బాధ వేరు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ దేశ గ్రిడ్‌లో కలిసేదాకా తాల్చేర్–కోలార్, గాజువాక, భద్రావతి డీసీ (డైరెక్ట్ కరెంట్) లింకులే మనకు ప్రధాన దారి. బయట చౌక కరెంటు ఉన్నా తెచ్చుకునే తోవ ఉండేది కాదు. దారి తెరుచుకున్నాక కూడా కారిడార్, అంటే లైన్లలో ముందే బుక్ చేసుకున్న వాటా, కరెంటు అమ్మేవారి పేరుతో ముడిపడే ఉండేది. ఛత్తీస్‌గఢ్ కరెంటు కోసం తెలంగాణ డిస్కమ్‌లు బుక్ చేసిన కారిడార్‌లో వెయ్యి మెగావాట్లు వదులుకుంటే పరిహారం కట్టాలన్న వివాదం అలా వచ్చిందే.

2021 అక్టోబర్ నిబంధనలు, వాటి వెంట 2023 అక్టోబర్ నుంచి అమలైన జనరల్ నెట్‌వర్క్ యాక్సెస్ (గ్రిడ్‌ను వాడుకునే సాధారణ హక్కు) ఆ ముడి విప్పాయి. ఇప్పుడు రాష్ట్రం తాను గ్రిడ్ నుంచి ఎన్ని మెగావాట్లు దించుకుంటుందో చెబితే చాలు, ఎవరి దగ్గర కొంటుందో చెప్పనక్కర్లేదు. ప్లానింగ్ బాధ్యత పవర్‌గ్రిడ్ నుంచి విడిపడిన సెంట్రల్ ట్రాన్స్‌మిషన్ యుటిలిటీది. వంద కోట్ల లోపు పనులను అదే ఖరారు చేస్తుంది, 500 కోట్ల వరకు జాతీయ ట్రాన్స్‌మిషన్ కమిటీ, ఆపైన కేంద్ర విద్యుత్ శాఖ. సోలార్, గాలి మండలాలకు ప్లాంట్ల కంటే ముందే లైన్లు వేయడానికి ఇది తోడ్పడుతుంది.

ఖర్చు పంపకంలో మాత్రం న్యాయం ఇంకా జరగలేదు. 2025 జూన్ 30లోపు నడక మొదలుపెట్టిన సోలార్, గాలి ప్లాంట్ల కరెంటుకు 25 ఏళ్లు అంతర్రాష్ట్ర చార్జీ లేదు. ఆ తర్వాత వచ్చేవాటికి రాయితీ ఏటా 25 శాతం చొప్పున తగ్గుతుంది. లైను వేసిన కంపెనీకి ఏటా రావాల్సిన మొత్తం మాత్రం పైసా తగ్గదు. మినహాయించిన వాటా మిగతా డిస్కమ్‌ల నెలవారీ బిల్లులో చేరుతుంది, అక్కడి నుంచి వినియోగదారుడి టారిఫ్‌లోకి వస్తుంది.