ఆసుపత్రిని నడిపే చదువు

పిల్లలూ,

నీట్ ర్యాంకులు వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్, మళ్లీ లాంగ్ టర్మా, వేరే దారా అని మీ అమ్మ ఫోన్లో బాధపడింది. అందుకే నేను ఇన్నేళ్లు చేసిన పని గురించి రాస్తున్నా, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్.

గుంటూరు కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా ఎటు చూసినా ఆసుపత్రులే కదా. అక్కడ ఒక డిశ్చార్జి ఎలా జరుగుతుందో చెప్తా. పొద్దున రౌండ్స్‌లో డాక్టరుగారు "ఇంక ఇంటికెళ్లొచ్చమ్మా" అంటారు. ఆ మాట తర్వాత సమ్మరీ టైపవ్వాలి, వాడని మందులు ఫార్మసీకి వాపసు వెళ్లాలి, ల్యాబ్ బిల్లులు కలవాలి, ఇన్సూరెన్స్ ఉంటే ఫైనల్ బిల్లు టీపీఏకి, అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకి, పంపి అప్రూవల్ తెప్పించాలి. ఇందులో ఏ ఒక్కటి ఆగినా పొన్నూరు నుంచో తెనాలి నుంచో వచ్చినవాళ్లు సంచులు సర్దుకుని సాయంత్రం దాకా మంచం మీదే కూర్చుంటారు, అదే మంచం కోసం క్యాజువాల్టీలో ఇంకొకరు స్ట్రెచర్ మీద ఉంటారు. క్యాష్‌లెస్ డిశ్చార్జికి 3 గంటల్లో అనుమతి ఇవ్వాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ బీమా కంపెనీలకు చెప్పింది, మంచిదే, కానీ మన వైపు నుంచి కాగితాలు సరిగ్గా వెళ్లకపోతే ఆ నిబంధన ఉండీ లాభం లేదు. ఇవన్నీ వెంటబడి చేయించడమే మా పని. చిన్న పని అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

డిగ్రీ ఏదైనా సరే, తర్వాత రెండేళ్ల ఎంహెచ్‌ఏ (హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ) గానీ హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ గానీ చేయొచ్చు. హైదరాబాద్‌లో అపోలో వాళ్ల ఇన్‌స్టిట్యూట్, ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), జైపూర్‌లో ఐఐహెచ్‌ఎంఆర్ ఉన్నాయి. కాలేజీ బిల్డింగ్ చూసి మోసపోకండి, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, ఏయే విభాగాల్లో వేస్తారో అడగండి.

ఉద్యోగాలంటే ఆపరేషన్స్, మెడికల్ రికార్డ్స్, టీపీఏలు, బీమా కంపెనీలు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఉందే, దాని ప్రీ-ఆథ్‌లు (చికిత్సకు ముందస్తు అనుమతులు), క్లెయిములు చూడ్డానికే ఆసుపత్రుల్లో మనుషులు కావాలి. నాకు మాత్రం క్వాలిటీ విభాగం ఇష్టం: ఆసుపత్రుల నాణ్యతకిచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోసం ఇన్ఫెక్షన్లు ఎన్ని వచ్చాయి, మందు ఎక్కడ తారుమారైంది, మంచం మీంచి ఎవరు పడ్డారు అన్నీ రాసుకుని, ఎందుకు జరిగిందో తవ్వాలి. మొదట్లో జీతం తక్కువే, ఆదివారాలూ డ్యూటీ పడుతుంది. అది ముందే తెలిసి రండి.

దసరా సెలవులకు ఎలాగూ గుంటూరు వస్తారుగా. తెలిసినవాళ్లను అడిగి ఒక పూట బిల్లింగ్ కౌంటరులో, ఒక పూట రికార్డ్ రూములో కూర్చోబెట్టిస్తా. అవి చూశాక ఫీజుల సంగతి నాన్నతో నేనే మాట్లాడతా.

మీ పెద్దమ్మ