కంకర గుంట నదికి పడే బాకీ: కొలరాడోలో అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని కొలరాడోలో, సౌత్ ప్లాట్ నది పొడవునా కంకర తవ్వే గుంటలకు నీటి లెక్కలు కట్టడం నా పని. కాలువ నీళ్లకు రాత్రిళ్లు వంతులు కాసిన గోదావరి డెల్టా ఇంట్లో పుట్టాను. అందుకే ఇక్కడి రైతు ఫోన్ చేసి "ఈసారి నీళ్లు తగ్గాయి" అంటే ఆ గొంతులోని టెన్షన్ నాకు వెంటనే తెలిసిపోతుంది. ఊరెళ్లినప్పుడు చుట్టాలు, ఇక్కడ కంపెనీల వాళ్లు, కొత్తగా చేరిన ఇంజనీర్లు, అందరూ దాదాపు ఒకే మాటలు అంటారు. వాటికి జవాబులు ఒకచోట రాస్తున్నాను.

అపోహ: కంకర తవ్వితే నదికి బాకీ ఏంటి? మోటారు పెట్టి తోడట్లేదు కదా!

నది పక్కన కొన్ని అడుగులు తవ్వగానే నీరు పడుతుంది. అది వేరే నీరు కాదు, ఇసుక, గులకరాళ్ల పొరలో మెల్లగా నడుస్తున్న నదే. పైనున్న కంకర ఎత్తేయగానే ఆ నీటికి ఎండా గాలీ తగులుతాయి. డెన్వర్‌కు ఉత్తరాన, ఏడాది ఆవిరిలోంచి వాన వాటా తీసేసినా నికర నష్టం మూడు అడుగులకు అటూ ఇటూగా తేలుతుంది. అంటే పదెకరాల గుంట ఏడాదికి సుమారు 30 ఎకరా అడుగులు తాగుతుంది. ఎకరం నేల మీద అడుగు ఎత్తున నిలిచే నీరు ఒక ఎకరా అడుగు, దాదాపు 12.33 లక్షల లీటర్లు. (మనకు అలవాటైన టీఎంసీలో ఇలాంటివి సుమారు 22,957 ఉంటాయి.)

లారీల్లో పోయే నీరు కూడా ఉంది. కడిగిన కంకర బరువులో 4 శాతం తేమగా బయటికి పోతుందని ఇక్కడ లెక్క కడతాం. ఏటా మూడు లక్షల టన్నులు అమ్మే గుంట నుంచి దాదాపు 9 ఎకరా అడుగులు అలా రోడ్డెక్కుతాయి. దుమ్ము లేవకుండా చల్లే నీళ్లు వీటికి అదనం.

ఈ వాదన ఎప్పుడో కోర్టుకెక్కింది. నీరు బయటపడిన కంకర గుంట కూడా చట్టం దృష్టిలో బావేనని 1988లో కొలరాడో సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాది శాసనసభ చట్టం చేసి, 1981కి ముందే బయటపడిన నీటి ఆవిరికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1981 నుంచి నీరు బయటపడిన ప్రతి గుంటకూ బాకీ ఉంది, అంటే పోయినంత నీరు నదికి తిరిగివ్వాలి.

అపోహ: తవ్వకం ఆపేస్తే బాకీ తీరిపోతుంది.

యంత్రాలు వెళ్లిపోయినా చెరువు అక్కడే ఉంటుంది. కంకర అమ్మకం పదేళ్లలో అయిపోవచ్చు గానీ ఆవిరి ఆగదు. దీనికి దారులు మూడే. గుంటను మళ్లీ పూడ్చాలి. లేదా చుట్టూ బంకమట్టి గోడను కింది రాతిపొర దాకా దింపి భూగర్భ జలంతో సంబంధం తెంచాలి. లేదా శాశ్వతంగా నీరు తిరిగిచ్చే ప్లాన్‌ను నీటి హక్కులు తేల్చే వాటర్ కోర్టులో ఖాయం చేయించుకోవాలి. కంపెనీ చేతులెత్తేస్తే ఈ భారం ఎవరి మీద పడుతుందన్న భయంతో, 2010 నుంచి గనుల శాఖ దీనికి కూడా పూచీకత్తు అడుగుతోంది. నా ఉద్దేశంలో ఇది చాలా ముందే రావాల్సిన నిబంధన. గోడ కట్టిన గుంటలు కొన్ని ఇప్పుడు నగరాలకు రిజర్వాయర్లుగా పనికొస్తున్నాయి.

అపోహ: సాగునీటి హక్కు కొంటే కాగితం మీదున్న నీళ్లన్నీ మనవే.

నా రోజుల్లో సగం ఈ ఒక్క మాటను సరిదిద్దడానికే పోతుంది.

ఇక్కడ చాలా కాలువలు సర్కారువి కావు. రైతులు కలిసి తవ్వుకున్న కాలువ కంపెనీలవి. ఎవరికెన్ని షేర్లుంటే అంత నీరు. నీటి హక్కు భూమికి అంటుకుని ఉండదు, విడిగా అమ్ముకోవచ్చు. మన ఆయకట్టు రైతుకు ఇది వింతగా ఉంటుంది, అందుకే ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు మన దగ్గరికి తెచ్చేద్దాం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ముందు వాడినవాడికే ముందు హక్కు అన్నది ఇక్కడి మూలసూత్రం, 1876 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. ఈ నది మీద మంచి హక్కులు 1860ల నాటివి. కొత్త గుంట వరసలో అందరికన్నా వెనక నిలబడుతుంది. అందుకని కంపెనీ పాత షేర్లు కొని, ఆ నీటిని పొలానికి బదులు నదికి వదులుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. వందెకరాల పొలం ఏటా 300 ఎకరా అడుగులు పారించుకునేది. పంట నిజంగా తాగింది 150. మిగతా 150లో కొంత పొలం చివర డ్రెయిన్‌లో పడి వెంటనే, కొంత నేలలో ఇంకి నెలల తర్వాత నదికి చేరేది. దిగువ రైతు ఆ ఊట నీటి మీదే బతుకుతున్నాడు. కాబట్టి గుంట బాకీకి జమ అయ్యేది పంట తాగిన 150 మాత్రమే. మిగతా 150 మునుపటిలాగే, అదే వేళకు, అదే చోట నదికి చేరాలి. పంట తాగింది ఎంతో తేల్చడానికి ఏళ్ల తరబడి కాలువ రికార్డులు, పాత విమాన ఫొటోలు, పంటల వివరాలు తిరగేస్తాం.

ఇంకో షరతు, ఆ పొలం ఎండాలి. రెండేళ్ల కిందట ఆగస్టులో అలాంటి ఒక పొలం చూడ్డానికి వెళ్లాను. రోడ్డు మీంచి అంతా గోధుమరంగే. లోపలికి నడిస్తే మధ్యలో ఓ మూల పచ్చగా లూసర్న్ గడ్డి. పారతో తవ్వి ఒక మొక్కను లాగితే వేరు బొటనవేలంత లావుంది, తెగిన చోట తడి మెరుస్తోంది. కాలువ నీరు ఆపేసి రెండు సీజన్లయింది. కానీ అక్కడ భూగర్భ జలం పైకే ఉంది, లూసర్న్ వేరు లోతుకు దిగి దాన్ని తాగుతోంది. కాగితం మీద ఎండిన పొలం నేల కింద నదిని తాగుతూనే ఉంది. ఆ మూల విస్తీర్ణం కొలిచి, అంతమేర జమ కోసేశాం. మొక్కల్ని చంపి మెట్ట గడ్డి వేసేదాకా ఆ నీరు తిరిగి లెక్కలోకి రాలేదు. యజమానికి కోపం వచ్చింది. నేను మాత్రం అప్పటినుంచి రోడ్డు మీంచి చూసి ఏ పొలానికీ సంతకం పెట్టలేదు.

అపోహ: అనుమతి వచ్చింది, ఇక చింత లేదు.

రాష్ట్ర నీటి పంపకం చూసే స్టేట్ ఇంజనీర్ ఇచ్చే అనుమతి, అంటే నదికి బదులు నీరిచ్చే ప్రత్యామ్నాయ నీటి ప్లాన్, తాత్కాలికం, మామూలుగా ఏడాదికి. ప్రతి ఏడూ కొత్త లెక్కలతో మళ్లీ అడగాలి.

అపోహ: వేసవిలో కాలువ నిండుగా ఉన్నప్పుడు ఏడాది బాకీ మొత్తం ఒకేసారి వదిలేస్తే చాలు.

ఆవిరి ఎక్కువగా వేసవిలోనే అవుతుంది, నిజమే. మేం వాడే నెలవారీ పట్టికలో జూన్, జులై, ఆగస్టులవే 43 శాతం. కానీ గుంటలో ఈరోజు ఆవిరైన నీటి లోటు నదికి ఈరోజే తెలియదు. ఒడ్డునున్న గుంటదైతే వారాల్లో, దూరపుదైతే నెలల తర్వాత, ఏళ్లపాటు కొద్దికొద్దిగా తెలుస్తుంది. నదికి ఎంత దూరం, కంకర పొర నీటిని ఎంత వేగంగా నడిపిస్తుంది అన్నదాన్నిబట్టి ఏ నెల ఎంత లోటో లెక్క కడతాం. జులై ఆవిరి తాలూకు బాకీ జనవరిలోనూ ఉంటుంది.

జనవరిలో కాలువలు మూసి ఉంటాయి. కొన్న హక్కు సాగు సీజన్‌లోనే పారుతుంది. అయినా చలికాలంలో రిజర్వాయర్లు నింపుకునే పాత హక్కుదారులు 'కాల్' పెడతారు, అంటే వాళ్ల వంతు తీరేదాకా వెనకవాళ్లు నీరు ముట్టకూడదు. అందుకే వేసవి నీటిని గోడ కట్టిన గుంటలో దాచడమో, ఇంకుడు చెరువులోకి మళ్లించి అది చలికాలంలో ఊరేలా చూడటమో చేయాలి. అది కూడా 'కాల్' పెట్టిన హక్కుదారుడి తూముకు ఎగువనే నదిలో కలవాలి. దిగువన వదిలితే అతనికి ఒక్క చుక్కా అందదు.

మొన్న డిసెంబరులో అలా దాచిన నీరు వదిలే చోట నిలబడ్డాను. పారే నీటిని కొలిచే తొట్టి (ఫ్లూమ్) అంచున మంచు పేరుకుని ఉంది. వెంట వచ్చిన కుర్రాడు ఇనుప కడ్డీతో దాన్ని పగలగొట్టాడు, లేకపోతే నీటిమట్టం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. స్కేలు తుడిచి, అల తేరుకునేదాకా ఆగి, రెండుసార్లు చదివాం. షెడ్యూల్ కన్నా కాస్త తక్కువ పారుతోంది. గేటు ఒక మర తిప్పి, పావుగంట ఆగి, మళ్లీ చదివి, ఆ అంకె ఇక్కడి నది నీటి పంపకం చూసే వాటర్ కమిషనర్‌కు పంపాం.